ఊరి నీటికి కంకర కాపలా

గోపాల్‌పేట మండలంలోనూ, చుట్టుపక్కల వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లోనూ తాగునీటి చర్చ ఇన్నాళ్లూ నీరు వస్తుందా రాదా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. కృష్ణా నీటిని పంపులతో ఎత్తి, శుద్ధి కేంద్రాల్లో తేటపరచి, పైపుల ద్వారా ఊరూరికీ పంపే మిషన్ భగీరథ వచ్చాక ఆ ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరికింది కాబట్టి, ఇప్పుడు రెండో ప్రశ్న వేసుకోవలసిన సమయం వచ్చింది. దూరాన ఉన్న శుద్ధి కేంద్రం కొన్నాళ్లు ఆగిపోతే, లేదా దారిలో ఎక్కడో పెద్ద పైపు పగిలితే, పక్కనే ఉన్న చెరువు నీటిని తాగడానికి పనికివచ్చేలా చేసుకోగల శక్తి ఊరికి ఉందా? ఖరీదైన యంత్రాలతో నిమిత్తం లేకుండా, కంకర పొరల గుండా, ఆపై ఇసుక పొరల గుండా నీటిని నిదానంగా నడిపించే పాత పద్ధతి ఆ శక్తిని ఇవ్వగలదు. ఆ పద్ధతికి పనికిరానిదన్న పేరు రావడానికి కారణం దాన్ని వాడిన తీరే తప్ప, దాని వెనుక ఉన్న శాస్త్రం కాదు.

చెలమలో దాగిన సూత్రం

పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా నేలకు ఈ విద్య కొత్తది కాదు. నిజాం రాజ్యంలో వనపర్తి, గద్వాల, జటప్రోలు, అమరచింతలతో పాటు గోపాల్‌పేట కూడా ఒక సంస్థానంగా ఉండేది. వానలు తక్కువగా కురిసే ఈ సీమలో సంస్థానాధీశులు తవ్వించిన చెరువులే పంటకూ పశువుకూ ఆధారమయ్యాయి. వనపర్తి సంస్థానపు చెరువులకు సప్త సముద్రాలన్న పేరు నేటికీ నిలిచి ఉంది, శ్రీరంగాపురం దగ్గరి రంగసముద్రం వాటిలో ఒకటి. అయితే చెరువు నీటిని నేరుగా తాగడం కన్నా, వాగులోని ఇసుకను చేతులతో తోడి, ఊరిన నీటిని ముంతతో ముంచుకొని తెచ్చుకోవడమే మేలని జనం ఎన్నడో గ్రహించారు. వాగు ఒడ్డున నిలిచిన నీరు ఎర్రగా ఉన్నా, దానికి నాలుగు బారల దూరంలో ఇసుకలో తీసిన చెలమలో నీరు తేటగా ఊరడానికి కారణం, ఆ నాలుగు బారల ఇసుకా గులకరాళ్లూ కలిసి చేసిన వడపోతే. బిందె లోపలి అంచుకు చిల్లగింజను అరగదీసి, బురదనీటిలోని మడ్డిని అడుగుకు దించుకోవడం కూడా ఇదే అనుభవ జ్ఞానంలో భాగం. పట్టణాలకు నీరందించే ఇంజనీర్లు తరువాతి కాలంలో కట్టిన వడపోత తొట్లు ఈ చెలమనే కొలతల్లో పెట్టి, గోడల మధ్య అమర్చి, వాల్వులు బిగించిన రూపాలు.

రాయి నీటిని ఎలా తేటపరుస్తుంది

కంకర వడపోత అనగానే జల్లెడ గుర్తుకు రావడం సహజమే గానీ, ఆ ఊహ తప్పుదారి పట్టిస్తుంది. రెండు కంకర రాళ్ల మధ్య ఉండే సందు కొన్ని మిల్లీమీటర్లు కాగా, వానాకాలపు నీటిలోని ఒండ్రు రేణువు మిల్లీమీటరులో నూరో వంతో, అంతకన్నా చిన్నదో కనుక, అది రాళ్ల మధ్య చిక్కుకొనే అవకాశమే లేదు. అక్కడ జరిగేది నీరు తేరుకోవడం, అంటే బరువు వల్ల రేణువు కిందికి దిగి అడుగున నిలవడం. మిల్లీమీటరులో నూరో వంతు ఉన్న ఒండ్రు రేణువు నిలకడ నీటిలో సెకనుకు సుమారు మిల్లీమీటరులో పదో వంతు చొప్పున దిగుతుంది కాబట్టి, మీటరు లోతు తొట్టిలో అడుగు చేరడానికి దానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. అదే రేణువు కంకర మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందులోకి వస్తే, నలభై సెకన్లలో కింది రాయి వీపు మీద వాలిపోతుంది. రేణువు పదింతలు చిన్నదైతే దిగే వేగం నూరింతలు తగ్గుతుంది కనుక, మీటరు లోతు తొట్టిలో పది రోజులకు పైగా తీసుకొనే మట్టి రేణువు, రాళ్ల సందులో గంట సేపట్లో దిగగలదు.

నీరు తేరుకోవడం తొట్టి లోతు మీద గాక, రేణువులు వాలడానికి దొరికే ఉపరితలం మీద ఆధారపడుతుందని అమెరికన్ ఇంజనీరు అలెన్ హేజెన్ 1904లో వివరించాడు. కంకర ఆ ఉపరితలాన్ని అపారంగా పెంచుతుంది. పది మిల్లీమీటర్ల గుండ్రటి రాళ్లను ఒక ఘనపు మీటరు పెట్టెలో నింపి, నూటికి నలభై వంతులు సందులు మిగిలాయనుకుంటే, ఆ రాళ్ల మొత్తం ఉపరితలం 360 చదరపు మీటర్లు అవుతుంది. రాయి సైజు సగానికి తగ్గితే ఉపరితలం రెట్టింపవుతుంది గానీ, సందులు కూడా ఇరుకై, బురదతో త్వరగా పూడుకుపోతాయి. అందుకే పెద్ద కంకర ముందు, చిన్న కంకర వెనుక ఉండేలా మూడు అరలుగా అమర్చడం ఈ పద్ధతికి ప్రాణం. ముతక మడ్డిని మొదటి అర పట్టుకుంటుంది, మిగిలిన సన్నని మట్టిని తరువాతి రెండు అరలు పంచుకుంటాయి.

ఈ అమరికను ఇంజనీర్లు రఫింగ్ ఫిల్టర్ అంటారు. అసలు వడపోతకు ముందు జరిగే ముతక వడపోత అని దీని భావం. నీరు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి, లేదా ఒక పక్క నుంచి మరో పక్కకు అడ్డంగా పోయేలా దీన్ని మూడు రకాలుగా కట్టవచ్చు. అడ్డంగా పారే రకంలో మీటరు, మీటరున్నర లోతు, తొమ్మిది మీటర్ల వరకు పొడవు ఉన్న తొట్టిని చిల్లుల గోడలతో మూడు అరలుగా విడదీసి, సుమారు ఇరవై మిల్లీమీటర్ల రాయితో మొదలుపెట్టి నాలుగు మిల్లీమీటర్ల దాకా తగ్గిస్తూ నింపుతారు. ఇళ్ల స్లాబులకు క్రషర్ల నుంచి తెచ్చే 20 ఎంఎం, 12 ఎంఎం, 6 ఎంఎం కంకరలు ఇంచుమించు ఈ మూడు అరల కొలతలే కావడం వల్ల, గ్రానైటు గుట్టలున్న ఈ ప్రాంతంలో దీనికి కావలసిన సరుకు కోసం దూరం వెళ్లనక్కరలేదు. కంకరను దుమ్ము లేకుండా కడిగి నింపాలి, నీటిలో కరిగే సున్నపురాయిని వాడకూడదు. గంటకు అర మీటరు నుంచి ఒకటిన్నర మీటర్ల వేగంతో నీరు ఈ తొట్టిని దాటుతుంది. వేగం ఒక మీటరు అనుకుంటే, తొమ్మిది మీటర్ల పొడవు తొట్టిలోని సందుల్లో నీరు మూడున్నర గంటలకు పైగా గడుపుతుంది. అడుగున పేరుకొన్న బురదను వదిలించడానికి, కింద అమర్చిన చిల్లుల పైపుల వాల్వును ఒక్కసారిగా తెరిచి, తొట్టిలోని నీటినంతా ఉధృతంగా బయటికి వదులుతారు. ఆ ఊపుకు రాళ్ల మీది బురద కొట్టుకుపోతుంది. కొన్నేళ్లకు ఒకసారి మాత్రం కంకరనంతా పైకి తీసి, కడిగి, మళ్లీ నింపవలసి వస్తుంది.

ఇసుక మీద పెరిగే కాపలా పొర

కంకర తొట్టి నీటి మట్టిని తగ్గిస్తుందే గానీ, రోగకారక క్రిములను పూర్తిగా ఆపలేదు. ఆ పని దాని వెనుక ఉండే ఇసుక పడకది. స్లో శాండ్ ఫిల్టర్ అనే ఈ నిదాన వడపోతలో, మీటరు మందం సన్నని ఇసుక గుండా నీరు గంటకు పది నుంచి ఇరవై సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. కొద్ది రోజుల్లో ఇసుక పైభాగాన నాచు, సూక్ష్మజీవులు, సేంద్రియ పదార్థం కలిసి పలుచని జిగురు పొర ఏర్పడుతుంది. నీటితో వచ్చే క్రిములను పట్టి ఉంచేదీ, ఆహారంగా తీసుకొనేదీ ఈ పొరే కాబట్టి, బాగా నడిచే పడక నూటికి 99 వంతుల వరకు బాక్టీరియాను తొలగించగలదు. నీరు దిగడం మందగించినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుకను పారతో గీకి తీసి, కడిగి ఆరబెట్టి దాచుకుంటారు. గీకగా గీకగా పడక సగానికి తగ్గినప్పుడు ఆ ఇసుకనే తిరిగి పరుస్తారు.

ఈ పడకకు ఒక పెద్ద బలహీనత ఉంది. నీటి మురికిని కొలిచే ప్రమాణం ఎన్‌టీయూ, అంటే నీటిలో తేలే రేణువులు కాంతిని ఎంతగా చెదరగొడుతున్నాయో చెప్పే అంకె. ఆ అంకె పది, ఇరవై దాకా ఉన్న నీటిని ఇసుక పడక నెలల తరబడి సాఫీగా వడపోయగలదు గానీ, వానాకాలంలో వందలకు చేరే వరద నీటిని నేరుగా వదిలితే రోజుల్లోనే పూడుకుపోతుంది. కంకర తొట్టి అవసరం ఇక్కడే కనిపిస్తుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం మురికి ఒక ఎన్‌టీయూకు మించకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు ఐదు వరకు అనుమతిస్తారు. వందల నుంచి ఇరవై లోపుకు కంకర, ఇరవై నుంచి ఒకటికి ఇసుక, మిగిలిన క్రిములకు క్లోరిన్ అన్న పని విభజనలో ఏ ఒక్కదాన్ని తప్పించినా, దాని భారం తరువాతి మెట్టు మీద పడుతుంది.

పెయిస్లీ నుంచి పోతునూరు దాకా

ఈ పద్ధతి చరిత్ర రెండు శతాబ్దాల పైచిలుకు. స్కాట్లాండులోని పెయిస్లీలో బట్టలను తెల్లబరిచే పరిశ్రమ నడిపిన జాన్ గిబ్, తన అవసరం కోసం 1804లో రాళ్లు, ఇసుకల గుండా నది నీటిని వడపోసి, మిగిలిన నీటిని బండ్ల మీద ఊరివారికి అమ్మాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లోని చెల్సీ నీటి సంస్థకు ఇసుక పడకలు కట్టాడు. వీటి విలువను లోకానికి నిరూపించింది మాత్రం 1892 నాటి కలరా. ఎల్బ్ నది నీటిని వడపోయకుండా సరఫరా చేసిన హాంబర్గ్ నగరంలో సుమారు 8,600 మంది చనిపోగా, ఆ నగరపు మురుగు కలిసిన నీటినే దిగువన తోడుకొని, ఇసుకలో వడపోసి ఇచ్చిన పక్కనే ఉన్న ఆల్టోనా పెద్దగా దెబ్బతినకుండా బయటపడింది. ఒకే నది, ఒకే వాతావరణం, రెండు పట్టణాలను వేరుచేసినది సరిహద్దు వీధి మాత్రమే. అయినా మరణాలు ఆ వీధికి ఒకవైపునే పోగుపడటం వడపోతకు దొరికిన తిరుగులేని సాక్ష్యం. 19వ శతాబ్దపు చివర ఫ్రాన్సులో ప్యూష్, షబాల్ పేర్లతో ప్రసిద్ధమైన పద్ధతి ఇసుక పడకకు ముందు కంకర తొట్లను వరుసగా పేర్చింది. జర్మనీలోని డార్ట్‌మండ్ నగరం రూర్ నది నీటిని ముందు కంకర గుండా, తరువాత ఇసుక గుండా భూమిలోకి ఇంకించి తోడుకుంది. 1980, 90 దశకాల్లో స్విట్జర్లాండు ఇంజనీరు మార్టిన్ వెగెలిన్ ఈ అనుభవాలను వేడి దేశాల పల్లెలకు, చిన్న పట్టణాలకు అనువైన కొలతలుగా మలిచాడు.

తెలుగువారి పట్టణాలకూ ఈ చరిత్రలో చోటుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి పూర్తికాగా, ఆ నీరు పంపుల అవసరం లేకుండా వాలు మీదనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరి, అక్కడ వడపోత పొంది నగరానికి అందింది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ రాజధాని మద్రాసులోని కీల్‌పాక్‌లో 1914లో ఇసుక పడకలు పనిచేయడం మొదలైంది. పల్లెల విషయానికొస్తే, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ, అంతర్జాతీయ సహకారంతో దేశంలో నాలుగు ఊళ్లను ఎంచుకొని నిదాన ఇసుక వడపోతను ప్రదర్శించినప్పుడు, హర్యానా, మహారాష్ట్ర, తమిళనాడు గ్రామాలతో పాటు అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా పోతునూరు కూడా వాటిలో ఒకటైంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువలు కట్టేసే వేసవి నెలల కోసం నీటిని నిల్వచేసే సమ్మర్ స్టోరేజీ ట్యాంకు, దాని పక్కనే ఇసుక పడక, ఆపై ఓవర్‌హెడ్ ట్యాంకు అన్నవి రక్షిత మంచినీటి పథకాలకు ఒక స్థిరమైన నమూనాగా నిలిచాయి. 1990ల నడుమ అనంతపురం జిల్లాలో చేపట్టిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఇదే సూత్రాన్ని మరో రూపంలో వాడుకొని, చిత్రావతి, పెన్నా, హగరి తీరాల్లో ఊట బావులు తవ్వి, నది ఇసుకనే వడపోత తొట్టిగా చేసుకుంది.

వేగం గెలిచిన చోట

ఇన్ని సుగుణాలున్న పద్ధతిని నగరాలు ఎందుకు వదిలేశాయన్నది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం స్థలంలో ఉంది. పటిక కలిపి మట్టిని ముద్దగట్టించి, తేర్చి, ముతక ఇసుక గుండా గంటకు ఐదు మీటర్ల వేగంతో నీటిని దింపే రాపిడ్ శాండ్ ఫిల్టర్, నిదాన పడక కన్నా ముప్ఫై రెట్లకు పైగా వేగంగా పనిచేస్తుంది. అక్కడా అడుగున కంకర పరుపు ఉంటుంది గానీ, దాని పని ఇసుకను మోయడమూ, కడిగేటప్పుడు కింది నుంచి వచ్చే నీటిని సమంగా పంచడమూ మాత్రమే. యాభై వేల జనాభా గల పట్టణానికి మిషన్ భగీరథ లెక్క ప్రకారం తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున ఇవ్వాలంటే, రోజుకు 67 లక్షల 50 వేల లీటర్లు, అంటే గంటకు 281 ఘనపు మీటర్ల నీరు కావాలి. ఆ నీటికి రాపిడ్ ఫిల్టరు పడక అర గుంటకు కాస్త పైబడిన జాగాలో సరిపోగా, నిదాన ఇసుక పడకకు పద్దెనిమిది గుంటలకు పైగా, దాని ముందుండే కంకర తొట్టికి మరో ఇరవై గుంటలు, మొత్తం ఎకరం నేల కావాలి. శుభ్రపరిచేటప్పుడు వాడుకోవడానికి అదనపు తొట్లు, గట్లు, దారులు కలిపితే అది రెండెకరాలకు చేరుతుంది. భూమి గజాల లెక్కన అమ్ముడుపోయే నగరంలో ఈ లెక్క పొసగదు.

అదే లెక్కను గోపాల్‌పేట వంటి మండల కేంద్రం స్థాయికి దించి చూస్తే చిత్రం మారిపోతుంది. పది వేల జనాభాకు తలకు వంద లీటర్ల చొప్పున రోజుకు పది లక్షల లీటర్లు అవసరం. దీనికి కంకర తొట్టి, ఇసుక పడక రెండూ కలిసి ఆరు గుంటల్లో ఇముడుతాయి, అదనపు తొట్లతో కలిపినా పది పన్నెండు గుంటలు దాటవు. కావలసిన కంకర సుమారు 380 ఘనపు మీటర్లు, అంటే నూటికి పైగా ట్రాక్టర్ల సరుకు. చెరువు కట్ట ఎత్తు కలిసివస్తే నీరు తొట్ల గుండా వాలు మీదనే నడుస్తుంది కాబట్టి, వడపోతకంటూ కరెంటు ఖర్చు ఉండదు, పటిక మోతాదు తప్పుతుందన్న భయం ఉండదు. రాపిడ్ ఫిల్టరుకు మాత్రం పటిక మోతాదును నీటి మురికిని బట్టి ఎప్పటికప్పుడు మార్చగల కెమిస్టు, పంపులు, ఎదురు కడుగుడు యంత్రాలు, నిరంతర విద్యుత్తు కావాలి. నగరానికి భూమి ప్రియం, నిపుణుడు అందుబాటు. పల్లెకు నిపుణుడు ప్రియం, భూమి అందుబాటు. సాంకేతికతను ఎంచుకోవలసింది ఈ తేడాను బట్టి.

పడకలు ఎందుకు పాడుబడ్డాయి

ఇసుక పడకలు ఫలితమివ్వలేదన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు గానీ, ఆ వైఫల్యపు మూలాలు మూడు. మొదటిది, ముందు కంకర తొట్టి కట్టకుండానే కాలువ నీటినో చెరువు నీటినో నేరుగా ఇసుక మీదికి వదలడం. తొలకరి వరదకే పడక పూడుకుపోగా, నీరు దిగడం లేదన్న కారణంతో దాన్ని పక్కనబెట్టి, వడపోయని నీటినే ట్యాంకుకు ఎక్కించడం అలవాటుగా మారింది. రెండోది, రెండు పడకలు ఉండవలసిన చోట ఒక్కటే కట్టడం, లేదా రెండింటినీ ఒకేసారి గీకడం. గీకిన పడక మీద జీవపొర తిరిగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, ఆ వ్యవధిలో రెండో పడక నడుస్తూ ఉండాలన్నది ఈ పద్ధతిలోని మొదటి నియమం. మూడోది, పోషణ. రోజుకు పది లక్షల లీటర్ల నీరు, లీటరుకు వంద మిల్లీగ్రాముల మట్టితో వస్తే, రోజుకు వంద కిలోల చొప్పున మూడు నెలల్లో తొమ్మిది టన్నుల బురద తొట్టిలో చేరుతుంది. దాన్ని సమయానికి వదిలించే మనిషికి నెలనెలా జీతం అందకపోతే, ఎంత గొప్ప నమూనా అయినా ఏడాదిలో బురదగుంటగా మారుతుంది. పథకం కట్టడానికి నిధులిచ్చి, నడపడానికి నిధులివ్వని పద్ధతిలో నిర్మాణం కాంట్రాక్టరుకు లాభం, నిర్వహణ పంచాయతీకి భారం.

ఈ పద్ధతికి స్వతస్సిద్ధమైన పరిమితులు కూడా ఉన్నాయి, వాటిని దాచిపెడితే మేలు కన్నా కీడే ఎక్కువ. నీటిలో కరిగిన ఫ్లోరైడు, ఉప్పు, నైట్రేటు వంటి వాటిని కంకర గానీ ఇసుక గానీ తొలగించలేవు. కాబట్టి ఫ్లోరైడు ఉన్న బోరు నీటికి ఇది మందు కాదు, ఇది చెరువు, కాలువ, నది నీటికి మాత్రమే తగినది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ నల్లరేగడి నుంచి వచ్చే నీటిలో మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవైన బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దిగకుండా తేలుతూనే ఉంటాయి కనుక, అక్కడ కంకర ఒక్కటే చాలక, కొన్ని వారాలు నీటిని నిల్వ ఉంచడమో, వరద రోజుల్లో కొద్దిగా పటిక కలపడమో తప్పదు. పొలాల నుంచి కొట్టుకొచ్చే పురుగుమందులు, పట్టణపు మురుగు కలిసే చెరువును తాగునీటికి ఎంచుకోకపోవడమే వివేకం. వడపోత ఎంత బాగా జరిగినా, చివర క్లోరిన్ కలిపి, నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలేలా చూడటం ఏ పరిస్థితిలోనూ మానకూడదు.

ఒక్క తాడు మీద ఆధారపడిన సరఫరా

2020 అక్టోబరులో కొల్లాపూర్ మండలం ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ నీట మునిగినప్పుడు, వందల కిలోమీటర్ల కాలువలూ పైపులూ చివరకు కొద్దిపాటి పంపుల మీద ఎంతగా ఆధారపడ్డాయో పాలమూరుకు తెలిసివచ్చింది. జూరాల, రామన్‌పాడు, శ్రీశైలం వెనుక జలాలు ఏవైనా, అన్నీ ఒకే కృష్ణ. ఆ నది నీటిని ఒకేచోట శుద్ధిచేసి దూరాలకు పంపడం పరిమాణం రీత్యా, పర్యవేక్షణ రీత్యా మంచి ఏర్పాటే గానీ, దానికి స్థానికంగా ఏ తోడూ లేకపోవడం మంచిది కాదు. నల్లా నీటి మీద నమ్మకం సన్నగిల్లిన ఇళ్లలో ఇరవై లీటర్ల క్యాన్ కొనే అలవాటు పెరిగింది. ఆ క్యాన్ నింపే ఆర్ఓ ప్లాంటు భూగర్భజలాన్ని తోడి, అందులో గణనీయమైన భాగాన్ని ఉప్పునీరుగా బయటికి వదిలేస్తుంది. పేదవాడు తాగునీటికి డబ్బు చెల్లిస్తూ, తన ఊరి భూగర్భజలాన్నే పోగొట్టుకొనే ఈ వ్యవస్థ కన్నా, చెరువు పక్కన పది గుంటల వడపోత తొట్టి ప్రజాధనానికి ఎన్నో రెట్లు మెరుగైన వినియోగం.

ఎత్తిపోతల కాలువల ద్వారా కృష్ణా నీటితో చెరువులు నింపడం ఈ ప్రాంతంలో ఇప్పుడు కొత్త విషయం కాదు కనుక, ఒకప్పుడు వేసవిలో ఎండిపోయే చెరువును నమ్ముకోలేమన్న అభ్యంతరానికి బలం తగ్గింది. చెరువులో వారాల తరబడి నిలిచిన నీరు సగం మట్టిని అక్కడే దించుకుంటుంది. వేసవిలో పచ్చబడే నాచు సమస్యను కూడా కంకర తొట్టి కొంత అదుపు చేస్తుంది. వాగుల విషయంలో మాత్రం మరో జాగ్రత్త అవసరం. దుందుభి వంటి వాగుల్లో ఇసుకను అడుగంటా తోడి లారీలకెత్తితే, చెలమలూ ఊట బావులూ ఆధారపడిన వడపోత పొర శాశ్వతంగా పోతుంది. ఇసుకను కట్టడపు సరుకుగా మాత్రమే లెక్కగట్టే రెవెన్యూ దృష్టి, అది నీటి శుద్ధికి ప్రకృతి ఇచ్చిన తొట్టి అన్న సంగతిని గుర్తించడం లేదు.

చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రతి మండలంలో పాత రక్షిత మంచినీటి పథకాల తొట్లను పరిశీలించి, బాగుచేయదగిన వాటిని కూల్చకుండా నిలుపుకోవాలి. ఫ్లోరైడు లేని, మురుగు కలవని చెరువు ఉన్న ఒక్క మండల కేంద్రంలోనైనా కంకర తొట్టి, రెండు ఇసుక పడకలు, క్లోరిన్ గది కలిసిన నమూనాను కట్టి, ఒక వానాకాలం, ఒక వేసవి పాటు నీటి మురికినీ క్రిముల లెక్కనూ వారం వారం పంచాయతీ గోడ మీద రాయించాలి. దాన్ని నడిపే ఇద్దరు పనివారి జీతాన్ని నిర్మాణ అంచనాలోనే ఐదేళ్లకు ముందుగా కేటాయించాలి. వాగు ఇసుక తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు, దిగువన ఉన్న తాగునీటి బావులకు ఎంత మందం ఇసుక మిగులుతుందో లెక్క చూడాలి. మిషన్ భగీరథకు ఇవేవీ పోటీ కావు, దాని మీద పడే భారాన్ని పంచుకొనే ఆసరాలు మాత్రమే. దూరపు శుద్ధి కేంద్రం ఆగిన రోజున కూడా తన చెరువు నీటిని తానే తేటపరచుకోగల ఊరికే తాగునీటి భద్రత ఉన్నట్టు లెక్క. ఆ భద్రతకు కావలసిన రాయి ఇక్కడే ఉంది, నీరు ఇక్కడికే వస్తోంది. కొరవడినది నిర్వహణకు పైసలు పెట్టాలన్న నిర్ణయం మాత్రమే.